రెండట్టల చిలక

ఆ రోజుల్లో మాకు కంప్యూటర్లు లేవు గానీ, కంప్యూటర్లు చేసే పనులు మాత్రం ఉండేవి. ఈ మాట అన్నప్పుడల్లా మా మనవరాలు నవ్వుతుంది. మొన్న తను తెర మీద ఏవో నాలుగు వరుసలు టైపు చేసి, పూల ఫొటోను పిల్లి ఆకారంలో కత్తిరించినట్లు చూపించి, "తాతా, దీన్ని మాస్కింగ్ అంటారు, కొత్తగా నేర్చుకున్నా" అంది. కొత్తగానట! పిల్లి ఉన్నంత మేరకే పూలు కనపడాలి, మిగతావి మాయం కావాలి, ఇంతే కదా. ఎమ్మిగనూరులో మా మామ ఇంటి గుంత మగ్గం మీద ఇరవయ్యేళ్ళ వయసులోనే నేనీ పని చేశాను. ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. ఏడో తరగతితో బడికి దండం పెట్టి, మగ్గం కింద దూరి, దాని పేగులు లెక్కపెట్టి నేర్చుకున్నాను. (ఈ సంగతి ఎవరూ ఎక్కడా రాయలేదు కాబట్టి నేనే రాసుకుంటున్నాను.)

మగ్గం నెత్తిన జకార్డు అనే పెట్టె ఉండేది. దానికి చిల్లులు పొడిచిన అట్టల దండ వేలాడేది. అట్టలో చిల్లు ఉన్నచోట సూది దూరి పడుగు పోగు పైకి లేస్తుంది, అక్కడ జరీ పడుతుంది. చిల్లు లేనిచోట బట్ట వట్టిగా మిగులుతుంది. ఒకసారి పెళ్ళిళ్ళ కాలంలో ఆదోని నుంచి పత్తి షావుకారు ఒకాయన వచ్చాడు. కూతురి పెళ్ళి చీర కొంగులో పెద్ద చిలక ఉండాలని, దాని ఒంట్లో ఈకలకు బదులు చిన్న చిన్న పూలుండాలని అడిగాడు. మామ నోరు తెరిచేలోపే నేను "అయితాది" అనేశాను. కొత్త అట్టలు కొట్టించేంత వ్యవధి లేదని ఆయన వెళ్ళాక మామకు గుర్తొచ్చింది. "ఒరేయ్, ఈ చీర చెడిందంటే జకార్డు పీకి అటకెక్కిస్తా. నిన్ను ఆదోని మిల్లుకు పత్తి బేళ్ళు మోసేకి తోలిస్తా, సూస్కో" అన్నాడు. వట్టి బెదిరింపు కాదు. ఆ మిల్లు మేస్త్రీ మా అత్తకు తమ్ముడు.

పూల అట్టలు మా దగ్గరే ఉన్నాయి. చిలక అట్టలు ఎదురింటి అన్న దగ్గర ఉన్నాయి, అడగ్గానే ఇచ్చాడు. పూల అట్ట మీద చిలక అట్ట పెట్టి, రెండూ కలిపి కుడితే? రెండింటిలోనూ చిల్లు ఉన్నచోటే సూది దూరుతుంది. చిలక ఉన్నంత మేర పూలు పడతాయి, బయటి పూలన్నిటినీ చిలక అట్ట మింగేస్తుంది. ఆ ఆలోచన తట్టిన పూట నాకు అన్నం దిగలేదు. "ఏమిరా అల్లుడా, పెళ్ళికొడుకు మాదిరి నీలో నువ్వే నవ్వుకుంటాండావు?" అంది అత్త.

నేత మొదలయ్యాక ఆ నవ్వు పోయింది. రెండట్టల మందానికి అట్ట తిరిగినప్పుడల్లా పెట్టె పట్టేసేది. మామ అడ్డపోగు విసిరే నాడె ఆపి పైకి చూసేవాడు, ఆ తర్వాత నన్ను చూసేవాడు. ఆయన మళ్ళీ నాడె విసిరేదాకా నేను ఊపిరి తీసుకునేవాణ్ణి కాదు. పైగా మా మగ్గం మీద చీర బోర్లా పడుకుంటుంది. మంచి ముఖం కిందికి, మాకు కనపడేది జరీ పోగులు చిక్కుపడిన వీపు. మొదట్లో ఒకసారి అత్త బొట్టు పెట్టుకునే అద్దం చీర కింద పెట్టి చూస్తే పూలు కనపడ్డాయి. సంతోషించి అద్దం తిరిగి ఇచ్చేశాను. కొంగు పూర్తయిన పొద్దున, ఇంకాసేపట్లో షావుకారు జీపు వస్తుందనగా, మళ్ళీ అద్దం తీసుకుని గుంతలోకి దిగాను.

"ఏం కనపడతాందిరా?" అన్నాడు మామ పైనుంచి.

"పూలు, మామా."

"సిలక?"

నేను అద్దాన్ని అటూ ఇటూ జరిపి చూశాను.

"నిన్నేరా, సిలక ఉందా ల్యా?"

"దాని జాగా ఉంది, మామా."

కొంగు నిండా పూలే. మధ్యలో ముక్కు, మెడ వంపు, పొడుగాటి తోక, అన్నీ చక్కగా కుదిరిన ఖాళీ. ఎదురింటి అన్న మగ్గం మీద చీర వెల్లకిలా, మంచి ముఖం పైకి పెట్టి నేస్తారు. అక్కడ పోగు లేచినచోట జరీ దాని కిందికి పోయి దాక్కుంటుంది. అందుకే ఆయన అట్టల్లో చిలక ఉన్నచోట చిల్లు ఉండదు, లేనిచోట ఉంటుంది. (ఈ సంగతి ఆయన చెప్పాలా, నేను అడగాలా? ఇన్నేళ్ళుగా ఈ వ్యాజ్యం నా మనసులో నడుస్తూనే ఉంది. తీర్పు ప్రతిసారీ నా వైపే వస్తోంది.)

మామ నన్ను తిట్టడానికి నోరు తెరిచేసరికి జీపు హారన్ వినిపించింది. షావుకారుతో పాటు ఆయన తల్లి కూడా దిగింది. మామ చీరను మగ్గం నుంచి కోసి తెచ్చి కొంగు పరిచాడు.

"ఇదేందప్పా? సిలక యాడ?" అన్నాడు షావుకారు.

మామ నా వైపు చూశాడు. నాకు పత్తి బేళ్ళు తప్ప ఇంకేమీ కనపడలేదు. ఆ మాట నోట్లోంచి ఎట్లా ఊడిపడిందో ఇప్పటికీ తెలియదు. "ఎగిరిపోయింది, స్వామీ."

"ఏమిరా, నాతోనే ఎగతాళా? పెళ్ళి పెట్టుకోని..."

"రోంతసేపు ఉండ్రా నువ్వు" అంది ఆ అవ్వ. వంగి, ఆ ఖాళీ చిలక వీపు మీద వేలుతో రాసింది. అట్లాగే వంగి ఉండిపోయింది. "పాప అత్తింటికి పోయినంక మన ఇల్లు గూడా ఇట్లనే ఉంటాది గదరా. సుట్టూ అన్నీ ఉంటాయి. అది కూసునే జాగా..." అని ఆగిపోయింది.

షావుకారు మెడ తిప్పుకుని జీపు వైపు చూస్తూ, "మడత పెట్టండప్పా" అన్నాడు.

జకార్డు అటకెక్కలేదు, నేను బేళ్ళు మోయలేదు. ఆ ఏడాదే మా వీధిలో ప్రతి మగ్గం మీదా ఎగిరిపోయిన చిలక దిగింది. "నేనే సెప్పినా వీనికి, సిలకను లేపెయ్ రా అని" అంటూ మామ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. అట్టలు తనవి కాబట్టి డిజైనూ తనదేనన్నాడు ఎదురింటి అన్న. నా పేరు ఎత్తినవాడు ఒక్కడూ లేడు!

ఇదంతా విని మనవరాలు తెర మీద ఒక్క మాట మార్చింది. పూలు బయటికొచ్చాయి, పిల్లి ఖాళీ అయింది. "నీ తప్పు ఇదే కదా తాతా? చూడు, ఒక్క మాటతో సరిచేసేయొచ్చు" అంది.

తప్పట! కోపం తెచ్చుకోబోయాను గానీ రాలేదు. ఆ ఒక్క మాట ఆ పొద్దున నా చేతిలో ఉంటే టక్కున మార్చేసేవాణ్ణి. చిలక వచ్చేది, అందరి చిలకల్లాగే. ఆ అవ్వ చూసి, బాగుందప్పా అని జీపెక్కి వెళ్ళిపోయేది.

"సరిచేయొద్దులేమ్మా, అట్లనే ఉండనీ" అన్నాను. కళ్ళద్దాలు తుడుచుకుని, ఆ ఖాళీ పిల్లిని చూసి నవ్వుకుంటూ కాసేపు అక్కడే కూర్చున్నాను.