సంతాప సభలో జాజుగారి కచేరీ

తల వంచుకుని కన్నీళ్లు పెట్టుకోవలసిన చోట ఊరందరి చేతా కాళ్లాడించిన ఘనుణ్ని నేను. అదీ ఎక్కడ? డోన్ రైల్వే క్వార్టర్ల ముందు, పోయిన మనిషి పటానికి వేసిన పూలదండ వాడకముందే. ఆ పాపం ఎలా మూటగట్టుకున్నానో చెబుతాను. నవ్వు ఆపుకోనక్కర్లేదు. మా ఊళ్లో ఎవరూ ఆపుకోలేదు.

అవి యుద్ధం రోజులు. నేను డోన్ స్టేషన్లో టిక్కెట్లిచ్చే గుమాస్తాను. నాకు ఓ సన్నమీసం, ఓ పాత గ్రామఫోన్ పెట్టె ఉండేవి. మీసం సంగతి ఎలా ఉన్నా, పెట్టె మాత్రం నా ప్రాణం. శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. నా ఆజ్ఞ లేనిదే డోన్‌లో ఏ విద్వాంసుడూ గొప్పవాడు కాకూడదని నా పంతం.

నాకు పోటీ ఖాదర్ బాషా. బజారులో బట్టల కొట్టు ఆయనది. ఆయనకూ ఓ గ్రామఫోన్ ఉండేది, ఉమ్మెత్త పువ్వులాంటి పెద్ద గొట్టంతో. నాటకాల్లో పాడే ఒకామె ప్లేటు మా ఇద్దరి దగ్గరా ఉంది. దాని మీద మాకు రోజూ కురుక్షేత్రమే.

"ఆమె గొంతు కోయిల లెక్కుంటాదప్పా" అనేవాడు ఖాదర్.

"కోయిలా? ఆ గాంభీర్యం యాడ, కోయిల యాడ! గుడిగంట మోగినట్టుంటే!"

"నీ పెట్టెలో ఆమెకు మీసాలొచ్చినాయి."

"నీ పెట్టెలో ఆమెను కుక్క తరుముతాండాది భాయ్. అందుకే ఆ పరుగు!"

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆయన పట్టింది అసలు కుందేలే కాదని నా వాదన.

మా తగవులకు పెద్దమనిషి మద్దిలేటయ్య మామ. గార్డు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. చుట్టరికం లేకపోయినా నాకు మామే. వాళ్లావిడ సుంకమ్మత్త పెట్టిన సంగటి తిని ఈ ఒళ్లు ఇంతయింది. మామ రోజూ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, ప్లేటు విని, దాని మీద నా ఉపన్యాసమూ విని, "అట్లనా నాయనా" అని మీసంలో నవ్వుకుంటూ వెళ్లేవాడు. అది మెచ్చుకోలు నవ్వని నా నమ్మకం.

ఒకనాడు మిలిటరీ రైలు ఆగింది. ఓ అమెరికా సోల్జరుకు బనగానపల్లె మామిడిపండ్లు పెట్టాను. మోచేతుల దాకా రసం కారుతుండగా తిన్నాడు. ఆ సంతోషంలో సంచిలోంచి ఓ ప్లేటు తీసి నా చేతిలో పెట్టి, "జాజ్! జాజ్!" అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. రైలు కదిలిపోయింది. ప్లేటు మీద అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి. కాబట్టి జాజ్ అంటే విద్వాంసుడి పేరని నేనే తేల్చేశాను. పెద్దవాళ్లను ఉత్త పేరుతో పిలవకూడదు గనుక జాజుగారయ్యారు.

ఆ సాయంత్రం ముల్లు పెట్టానో లేదో, నా ఒళ్లు జలదరించింది. అది బూర. కానీ అలాంటి బూర నేను పుట్టి వినలేదు. ఎవరో పెద్దమనిషి నలుగురిలో ఏడవలేక, ఆ ఏడుపంతా బూరలోకి ఊదుతున్నట్టుంది. అంత లోతు, అంత నిదానం! నాకు కళ్లు చెమర్చాయి.

"మామా, ఈ జాజుగారికి పెండ్లాం పోయుండాల. లేకుంటే ఇంత దుఃఖం రాదు" అన్నాను.

"అట్లనా నాయనా" అన్నాడు మామ.

ఖాదర్ ఒప్పుకోలేదు. "మన సన్నాయి విద్వాంసుల ముందర ఈయనెంతప్పా? ప్లేటు ఒక్కదినం నాకియ్యి. మా పెట్టెలో ఇని చెప్తా."

"ఇయ్యను. మీ పెట్టెలో పడితే జాజుగారి పరువు పోతాది."

ఆ ఎండాకాలమే మద్దిలేటయ్య మామ నిద్రలో పోయాడు. నాకు చెయ్యి విరిగినట్టయింది. అంతకంటే భయం సుంకమ్మత్తను చూస్తే. ఆమె కంట ఒక్క చుక్క రాలేదు. పొయ్యి వెలిగించేది, వండేది, గోడకేసి చూస్తూ కూర్చునేది. "దుఃఖం లోపల్నే ఉండిపోతే మనిషి దక్కదు" అని ఆడవాళ్లు గుసగుసలాడారు.

అప్పుడు నాలోని మేధావి లేచాడు. మా వైపు పెద్దలు పోతే, దినాలనాడు భజన వాళ్లు వచ్చి తత్వాలు పాడటం ఆనవాయితీ. నేను వాళ్లను రావద్దని కబురు పెట్టాను. "అత్తను ఏడిపించేది తత్వాలతో అయ్యే పని కాదు. జాజుగారి వల్లనే అయితాది" అన్నాను. సంతాప సభకు క్వార్టర్ల ముందు వేసిన పందిరి పెద్దది, నా పెట్టె గొంతు చాలదు. ఆ మాట వినగానే ఖాదర్ తన పెట్టెను తనే నెత్తిన పెట్టుకుని తెచ్చాడు.

"మామ కోసరమప్పా. మన కొట్లాట మళ్ల చూసుకుందాం. ఒకసారి ముందుగా ఏసి చూద్దామా?"

"జాజుగారిని పరీక్ష చేసేదానికి మనమెవరం భాయ్?"

సభ నిండింది. ముందు వరసలో స్టేషన్ మాస్టరు, ఆయన పక్కన చాప మీద అత్త. నేను గొంతు బొంగురు చేసుకుని చెప్పాను: "ఇప్పుడు మీరు వినబోయేది ఒక మహానుభావుని శోకం. ఎవరూ కన్నీళ్లు ఆపుకోవద్దు." అని ఖాదర్ పెట్టెలో ప్లేటు వేసి ముల్లు పెట్టాను.

జాజుగారు పెట్టెలోంచి ఒక్క దూకు దూకారు!

తప్పెట అంటారా, తాళం అంటారా, అన్నీ కలిసి వాయువేగంతో బయలుదేరాయి. ఆ బూర ఏడవడం లేదు. ఈలలేస్తోంది, పకపకా నవ్వుతోంది, పీర్ల పండుగలో కుర్రాడిలా ఎగురుతోంది. స్టేషన్ మాస్టరు ముఖం సంతాపంలోనే ఉంది, బూటు మాత్రం తాళం వేస్తోంది. వెనక వరసలో భుజాలు కదిలాయి. ఖాదర్ నా చెవిలో అన్నాడు, "ఏమప్పా, పెండ్లాం పోయినోడు ఇట్ల ఎగురుతాడా?"

ఆపాలని చెయ్యి చాపాను. చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. నిజం చెబుతున్నాను, అది సిగ్గు వల్ల కాదు. ఒక మనిషి ఊపిరిలో అంత సంతోషం పడుతుందని నాకు అంతవరకూ తెలియదు. పరువు పోతున్న సంగతి కూడా మరిచి, నోరు తెరుచుకుని విన్నాను.

అంతలో ఎవరో ఫక్కున నవ్వారు. చూస్తే సుంకమ్మత్త! కొంగు నోట కుక్కుకుని నవ్వింది, ఊగిపోతూ నవ్వింది. ఆ నవ్వులోంచే భళ్లున ఏడుపు వచ్చింది. ఆడవాళ్లు పరుగున వెళ్లి పట్టుకున్నారు. ప్లేటు అయిపోయినా ఆ ఏడుపు ఆగలేదు. నేను వెళ్లి కాళ్ల మీద పడ్డాను.

"తప్పయిపాయ అత్తా. ఈ పెట్టె నాశనం చేసె."

అత్త కళ్లు తుడుచుకుంది. "ఈ పెట్టె కాదు నాయనా, నీ పెట్టె. మీ మామ దినామూ ఇంటికొచ్చి ఒకటే నవ్వుతాండె. 'ఆ పిల్లోని పెట్టె నూనె లేక ఈడుస్తాండాది, దాంట్లో ఎవరు పాడినా నిద్రలో పాడినట్టే ఉంటాది' అని. చెప్పకూడదా అంటే, 'చెప్తే వాడు ఉపన్యాసం మానేస్తాడే, నాకు పొద్దెట్ల పోతాది' అనె. ఇంగోసారి ఎయ్యి."

మళ్లీ వేశాను. ఏం చేయను? నేను గంభీరమన్నదీ, నేను శోకమన్నదీ, నేను డోన్ పట్టణానికి పంచిపెట్టిన పేరుప్రతిష్ఠలన్నీ ఎండిపోయిన నూనె మహిమేనని జాజుగారు పందిరంతా చాటుతున్నారు. మర్నాడు పొద్దున ఖాదర్ ఓ చిన్న నూనె సీసా పంపించాడు.

కనుక సకల విద్వాంసుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పెట్టెకు నూనె పోయనిదే సంగీతం మీద నోరు తెరవను. ఇంకెవరి సంతాప సభలోనూ జాజుగారి కచేరీ పెట్టను. నా సంతాప సభకు మాత్రం ఈ ఒట్టు వర్తించదు. దానికోసం పెట్టెను సిద్ధంగా ఉంచాను, నిండా నూనె పోసి.