అచ్చాయమ్మ లేసు బల్లగుడ్డ

మా ఆడపడుచు అచ్చాయమ్మ నోట్లో నాలుక లేని మనిషి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అలాంటి నేనే ఆ రోజు దాన్ని చూసి భయపడ్డాను.

నరసాపురం దగ్గర మా ఊళ్లో ఆడవాళ్లందరం లేసు అల్లుతాం. ఏజెంటు రాజేంద్ర దారం తూచి ఇస్తాడు, మేం అల్లింది పట్టుకుపోతాడు. ఎవరు అల్లారో అడిగే నాథుడు లేడు. అచ్చాయమ్మది ముప్పై ఏళ్ల చెయ్యి. మధ్యలో పువ్వు వేసి, చుట్టూ వరసలు పెంచుకుంటూ, వరికంకుల అంచుతో ఏడు నెలలు ఒక గుండ్రటి బల్లగుడ్డ అల్లింది. బొమ్మంతా దాని బుర్రలోనే ఉంది.

చేతిపనివాళ్లను ఆదుకునే పథకం వచ్చిందన్నారు. బాగా అల్లినవాళ్ల పేరున కార్డు, ఊళ్లో శిక్షణ కేంద్రం.

"నేనే అల్లానని ఒక్కచోట రాసుంటే చాలు వదినా" అంది అచ్చాయమ్మ.

"దరఖాస్తు నేను పెడతానండి, మీకెందుకు శ్రమ" అన్నాడు రాజేంద్ర. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు గుడ్డ వాడి చేతికే ఇచ్చాం.

ఆ పథకం వాళ్లు భీమవరం ఫంక్షన్ హాల్లో పెట్టిన ప్రదర్శనకి వెళ్తే, మా బల్లగుడ్డ ముందు చీటీ మీద ఉన్న పేరు హేమశ్రీ. రాజేంద్ర పెళ్లాం! సూది పట్టిన పాపాన పోలేదు.

"పేరుదేముందండీ, దారం మాదే కదా. సెంటర్ వచ్చాక మీకే పని ఇస్తాం" అన్నాడు వాడు.

"నీ నోరు పడిపోనూ!" అని నేను లంకించుకున్నాను. పథకం ఆఫీసరు పరుగెత్తుకొచ్చి, "మీరే అల్లారనడానికి ఆధారం ఏంటమ్మా?" అన్నాడు.

అచ్చాయమ్మ బల్లగుడ్డ అందుకుంది. చివరి ముడి ఎక్కడ దాచిందో దానికే తెలుసు. సూదితో దాన్ని పైకి లాగి విప్పింది. దారం లాగేసరికి మూడు వరసలు ఊడిపోయాయి. సూది హేమశ్రీ చేతిలో పెట్టింది.

"ఇక్కణ్ణించి అల్లండమ్మా."

హేమశ్రీ సూదిని గరిటెలా పట్టుకుని మొగుడి వంక చూసింది. హాల్లో అందరికీ అర్థమైంది. ఆఫీసరుకూ అర్థమైంది.

"సరేనమ్మా, లిస్టు పైకి వెళ్లిపోయింది, ఇప్పుడు పేరు మార్చలేం. పెద్దలొచ్చే టైమైంది. ఫోటో తియ్యాలి, ఊడింది గబగబా అల్లేయండి" అన్నాడు.

ఛీ, ఏం మనుషులు! అచ్చాయమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. అల్లుతుందేమోనని నా ఒళ్లు మండిపోయింది. అది అల్లలేదు, దారం లాగింది. లాగుతూనే ఉంది. రాజేంద్ర లబోదిబోమంటూ మీదికొచ్చాడు.

"దాని ఒంటి మీద చెయ్యి పడితే చెప్పు తెగుద్ది!" అని అడ్డంగా నిలబడ్డాను.

ఆ పెద్దలు గంటన్నర ఆలస్యంగా వచ్చారు. అప్పటికి వరికంకులు పోయాయి, వరసలన్నీ పోయాయి, నడిమి పువ్వూ పోయింది. నేను ఏడ్చాను. అది మాత్రం ఏడవలేదు. చుట్టిన దారపు ఉండలు రాజేంద్ర ముందు పెట్టింది.

"మీ దారం మీకండి, తూచుకోండి. అల్లిక నాది, పట్టుకుపోతన్నాను."