చీలిన చెవి తాత జాడ

ఎనభై దాటాక కూడా మా నాయనమ్మ పొద్దున్నే స్నానం చేసి, సూరత్‌లోని డిండోలిలో మేముండే అద్దె గదిలో చిన్న అద్దం ముందు నిలబడి నుదుట కుంకుమ దిద్దుకునేది. మా నాన్న ఇంకా పాకుతున్నప్పుడే ఇల్లు విడిచిపోయిన తాత పేరిట ఆ బొట్టు. ఆయన పోయాడన్న కబురు ఎవరూ తేలేదు కాబట్టి ఆమె ముత్తైదువే. అయినా ఊళ్లో పెళ్లిళ్లకు ఆమెను పసుపు కుంకుమలకు పిలిచేవారు కాదట. పిలవకపోయినా వెళ్లి గోడవారన కూర్చుని తిని వచ్చేదాన్నని నవ్వుతూ చెప్పేది.

తాతది సిరిసిల్ల దగ్గర ఓ పల్లె. మగ్గం నేసేవాడు. నేసిన చీరలు మూటగట్టి భుజాన వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాడు. వారంలో వస్తానని వెళ్లి నెలలకు వచ్చేవాడు. ఒకసారి అలా వెళ్లి ఇక రాలేదు. షోలాపూర్‌లో కనిపించాడని ఒకరన్నారు. భీవండిలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పని చేస్తున్నాడని మరొకరన్నారు. సూరత్ మాట కూడా ఎవరో ఎత్తారు. మా నాన్న మీసాలు వచ్చీరాని వయసులో సూరత్ రైలెక్కింది పని కోసమేనంటాడు. కానీ కొత్తలో సెలవు రోజున ఉధ్నా స్టేషన్ బయట నిలబడి, వచ్చేపోయే పెద్దవాళ్ల మొహాలు చూసేవాడని అమ్మ నాకు చెప్పింది.

పోయిన ఎండాకాలం నాయనమ్మకు గుండె జబ్బు ముదిరింది. ఒక మధ్యాహ్నం నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"బిడ్డా, నువ్వు హిందీ, గుజరాతీ మంచిగ మాట్లాడ్తవ్. మీ తాత ఉన్నడో, పోయిండో జర అరుసుకో."

"ఇప్పుడెందుకు నాయినమ్మా?"

"రేపు నేను సస్తే నన్నెట్ల సాగనంపుతరు? పసుపు రాసి, పూలు వెట్టి పంపాల్నా, బోడి నుదుటితోని పంపాల్నా? మీ బాపుకు గా సంగతి తెల్వొద్దా?"

నేను రింగ్ రోడ్డు మార్కెట్లో ఒక దుకాణంలో పని చేస్తాను. చీరలు పరిచి ఫొటోలు తీసి వ్యాపారులకు ఫోన్లో పంపాలి. తాత ఫొటో మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఆనవాలు ఏదైనా చెప్పమని అడిగాను.

"ఎడమ చెవి తమ్మె చీలి ఉంటది. చిన్నగున్నప్పుడు జాతరల దొంగోడు పోగు గుంజుకపోయిండట" అంది.

ఆ ఒక్క ఆనవాలుతో వారం వారం సాంచాల కార్ఖానాలుండే ఉధ్నా సందుల్లో తిరిగాను. మా వైపు నుంచి వచ్చిన ముసలివాళ్లను అడిగాను. చాలామందికి సాంచాల మోతలో వినికిడి పోయింది. చెవి పట్టుకుని సైగ చేసి చూపిస్తే, నా చెవికేదో జబ్బనుకుని జాలిపడ్డారు. చివరికి కార్ఖానా పని మానేసి కొడుకింట్లో ఉంటున్న ఒక పెద్దాయన నా సైగ చూసి లేచి కూర్చున్నాడు.

"చీలిన చెవాయనా? ఎందుకు తెల్వది! సాంచాలు రిపేర్ చేస్తుండె. చేతిల పని మస్తుండె గని, ఒక్కకాడ నిలువకపోతుండె. ఆఖరికి సచిన్‌ల చాయ్ అమ్మే ఒకామెతోటి ఉన్నడని విన్న. మరాఠీ ఆమె."

"ఇప్పుడున్నడా పెద్దనాయినా?"

"గా సంగతి నాకు తెల్వదు బిడ్డా."

సూరత్ శివారులోని ఆ సచిన్‌లో ఒక రంగుల మిల్లు గోడకు ఆనుకుని ఆమె చాయ్ కొట్టు దొరికింది. ముందు కాలువలో నీళ్లు ఊదాగా పారుతున్నాయి. డెబ్బై ఏళ్ల మనిషి. చీలిన చెవి గురించి హిందీలో అడగ్గానే గిన్నె దించి స్టవ్ ఆపేసింది.

"నువ్వు ఆయనకు ఏమవుతావు?"

"మనవరాలిని."

"ఆయనకు ఎవరూ లేరు. భార్య, కొడుకు విషజ్వరంతో పోయారు. ఆయనే చెప్పాడు నాకు."

"ఆ కొడుకు మా నాన్న. ఉధ్నాలో పని చేస్తున్నాడు."

ఆమె బల్ల మీద కూలబడింది. తాత చనిపోయి చాలా ఏళ్లయిందని చెప్పింది. లెక్క చూస్తే అప్పుడు నేను బడికి వెళ్తుండేదాన్ని. మా గదికి ఆమె కొట్టు ఒక బస్సు దూరం.

ఇంటికొచ్చి అంతా చెప్పాను. నాన్న అన్నం పళ్లెం పక్కకు నెట్టాడు. "మమ్ముల బతికుండంగనే సంపి చెప్పుకున్నోనితోటి నాకేం పని?" అని బయటికి పోయాడు. నాయనమ్మ ఏడవలేదు. చీర కొంగు తడిపి, బొట్టు తానే తుడుచుకుంది. గాజులు కూడా తానే తీసి గూట్లో పెట్టింది. ఆ తర్వాత నావైపు తిరిగింది.

"నన్ను ఆమె తానకు తీస్కపో."

మర్నాడు నాన్న అడ్డుపడ్డాడు. "నువ్వెందుకు పోవుడు అవ్వా?"

"మీ నాయిన కోసం పోతలేను. ఆయనకు ఆఖరి ముద్ద వెట్టిన మనిషిని సూడ పోతున్న."

ఆటోలో తీసుకెళ్లాను. ఆమె కొట్టు మూసి, వెనక ఉన్న గదిలోకి తీసుకెళ్లింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు.

"ఎట్ల పోయిండో అడుగు" అంది నాయనమ్మ.

అడిగాను. ఏళ్ల తరబడి పీల్చిన దూదిపొట్టుతో ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయని, ఒక చలికాలం జ్వరం తగులుకుని మంచం పట్టాడని ఆమె చెప్పింది.

"నాతో ఎప్పుడూ హిందీలోనే మాట్లాడేవాడు. ఆఖరికి ఆ హిందీ మర్చిపోయాడు. ఏవేవో మీ మాటలు. ఒక్కటి మాత్రం నాకు అర్థమైంది. ధూప్, ధూప్ అన్నాడు. ఒళ్లు వణుకుతోంది. ఎండ అడుగుతున్నాడని పక్కింటివాళ్లను పిలిచి మంచం బయట వేయించాను. నీడ వస్తే మంచం జరిపించాను. పొద్దు వాలేదాకా ఎండలోనే ఉంచాను. అడుగుతూ అడుగుతూనే పోయాడు. ఆ కోరికైనా తీర్చగలిగాను."

హిందీలో ధూప్ అంటే ఎండ. మా తెలంగాణ మాటలో దూప అంటే దాహం. ఆయన నీళ్లడిగాడు.

నాయనమ్మకు నేను తర్జుమా చేయాల్సిన అవసరం రాలేదు. ఆ ఒక్క మాటా ఆమె చెవిన పడింది. మంచం ఎండలో ఎలా జరిపిందో చాయ్ కొట్టామె చేతులతో చూపిస్తుంటే మిగతాది కూడా అర్థమైంది. నాయనమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"చెప్పకు బిడ్డా. ఆమెకు ఎన్నడు చెప్పకు."

ఆ తర్వాత ముందుకు జరిగి ఆమె రెండు చేతులూ తన కళ్లకు అద్దుకుంది. "మంచిగ చూస్కున్నవు చెల్లె అని చెప్పు" అంది. చెప్పాను. ఆమె భోరున ఏడ్చి, కన్నీళ్లు తుడుచుకుని మాకు చాయ్ పెట్టింది. నాయనమ్మ చుక్క మిగల్చకుండా తాగింది.

తిరుగు దారిలో ఆటోలో నాయనమ్మ గుండెలు బాదుకుంది. నేను ఎంత పట్టుకున్నా ఆగలేదు.

"గుక్కెడు నీళ్లడిగిండు బిడ్డా. ఎండల పండవెట్టిరి. ఆమెదేం తప్పు లేదు. అన్నేండ్లు ఉండి ఆయన తన మాటలు నాలుగన్న ఆమెకు నేర్పకపాయె. ఎక్కడోడో, ఎవరోడో తెల్వనియ్యకపాయె."

ఆ రాత్రి నాన్నకు కూడా చెప్పాను. షిఫ్టుకు వెళ్లిపోయాడు. ఆదివారం ఒక్కడే తాపీ నదికి వెళ్లి తండ్రి పేరిట నీళ్లు వదిలి వచ్చాడని తడిసిన పంచె, సంచిలో మిగిలిన నువ్వులు చూసి అమ్మ గ్రహించింది. సచిన్‌కు మాత్రం వెళ్లలేదు. తండ్రిని క్షమించాడని నేను అనుకోను. దాహం తీరకుండా పోయిన మనిషికి నీళ్లు వదిలాడు, అంతే.

వానలు మొదలయ్యాక నాయనమ్మ పోయింది. కబురు చేస్తే సచిన్ నుంచి ఆమె తడుస్తూ వచ్చింది. అమ్మతో కలిసి నాయనమ్మకు స్నానం చేయించింది. నాన్న ఆమెను చూసి మొహం తిప్పుకున్నాడు కానీ ఒక కుర్చీ తెచ్చి వేశాడు. సాయంత్రం నేను బస్సెక్కించడానికి వెళ్తే దారిలో అడిగింది.

"ఆ రోజు నేను మాట్లాడుతుంటే మీ నాయనమ్మ నీ చెయ్యి పట్టుకుని ఏదో అంది. ఏమంది?"

"మీలాంటి మనిషి దొరకడం ఆయన అదృష్టమంది."

ఆమె తల ఊపింది.

నెలకోసారైనా ఆమె కొట్టుకు వెళ్తుంటాను. ఆమెకు కూడా ఎవరూ లేరు. తాత ముచ్చట్లు చెబుతుంది. చెప్పాపెట్టకుండా నెలల తరబడి పోయేవాడట, వచ్చి ఏమీ జరగనట్టే చాయ్ అడిగేవాడట. ఎక్కడికి పోయేవాడో ఆమెకు కూడా తెలియదు. ఎక్కడ మొదలుపెట్టినా చివరికి ఆ చలికాలం దగ్గరికే వస్తుంది. మంచం ఎటు జరిపిందో, ఎండ ఎంతసేపు ఉందో మళ్లీ చెబుతుంది. నేను తల వంచుకుని వింటాను.