ఆరుగురి హండీ, ఇద్దరం మనుషులం

జూబ్లీహిల్స్ ఏసీ హోటల్లో బేరమాడి, రెండు వందల నలభై రూపాయల బిర్యానీ హండీని నూట యాభైకి దించిన మనిషిని నేను. తొంభైల మధ్యలో ఆ రోడ్డు మీద బేరమన్న మాట ఎవరి నోటా వినబడేది కాదు. మెనూ కార్డుకు తోలు అట్ట ఉంటే చాలు, లోపలి అంకెలు రాతి మీద చెక్కినవనుకుని జనం నోరెత్తకుండా తిని పోయేవాళ్లు. నేను నోరెత్తాను. నా జీవితంలో అంతకన్నా తెలివితక్కువ పని ఇంకోటి చెయ్యలేదు. ఆ సంగతీ అంతే దర్జాగా ఒప్పుకుంటాను. అంత శ్రద్ధగా నష్టపోవడం అందరికీ చేతకాదు.

మా నాన్నది టోలిచౌకిలో స్టీలు సామాన్ల దుకాణం. నేను నడక నేర్చింది బిందెల సందుల్లో. పదేళ్లకే గిన్నెను చూడగానే అందులో ఎన్ని లీటర్లు పడుతుందో, అడుగు ఎంత మందమో, తక్కెట్లో ఎంత తూగుతుందో చెప్పేదాన్ని. ఇరవై దాటాక గల్లా నాకప్పగించి నాన్న పేపరు పట్టుకున్నాడు. రెండు కిలోల గుండిగ అడిగిన వాళ్లకు నాలుగు కిలోలది చూపించడం నా పని. పెద్దది తీసుకుంటే కిలో రేటు తగ్గుతుందని రోజుకు నలభైసార్లు చెప్పేదాన్ని. చెప్పీ చెప్పీ చివరికి ఆ మాట నేనే నమ్మేశాను.

తమ్ముడు మాత్రం దుకాణం గడప తొక్కేవాడు కాదు. వాడు సినిమాల్లో గ్రూప్ డాన్సరు. కృష్ణానగర్‌లో ఇంకో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉండేవాడు. మూడేళ్లుగా వెనక వరసే. సినిమాకు వెళ్తే అమ్మ వాణ్ని మొహం చూసి కాదు, చెయ్యి విదిలించే తీరు చూసి గుర్తుపట్టేది. ఆ ఏడు ఎండాకాలంలో మాస్టరు వాణ్ని మొదటిసారి ముందు వరసకు పిలిచాడు. పన్నెండు మందిలో ముందు నలుగురు. ముందు నిలబడితే మొహం కనబడుతుంది. మొహం కనబడితే ఇంకో మాస్టరు పిలుస్తాడు. వాళ్ల లోకంలో బతుకు మారే దారి అదొక్కటే.

ఆ దారికి ఒక మెలిక ఉంది. ముందు నలుగురికి బంగారు రంగు డ్రెస్సులు, వెనక ఎనిమిది మందికి నీలం. బంగారు బట్ట ఖరీదైంది కాబట్టి కొలతకు ఒక్క దారం కూడా మిగలకుండా కుట్టేవాళ్లు. షూటింగ్ ముందు రోజు ట్రయల్ వేస్తారు. ఎవరికైనా బిగువైతే మళ్లీ కుట్టరు, ఆ డ్రెస్సు ఎవరికి సరిపోతే వాణ్ని ముందుకు తెస్తారు. మనిషిని బట్టి బట్ట కాదు, బట్టను బట్టి మనిషి. తమ్ముడి వెనకే అదే ఎత్తు, అదే ఒడ్డు ఉన్న కుర్రాడొకడు సిద్ధంగా ఉన్నాడట. అందుకని వాడు మూడు నెలలుగా జొన్నరొట్టె, పెరుగు, ఉడికించిన గుడ్డు తప్ప ఇంకేమీ ముట్టలేదు. నడుము ఇరవై ఎనిమిది అంగుళాలు.

ముందు వరస దొరికిన రోజు జూబ్లీహిల్స్‌లో భోజనం పెట్టిస్తానని వాడికి ఎప్పుడో మాటిచ్చాను. షూటింగ్ అయ్యాక వెళ్దామన్నాడు వాడు. అప్పటికి పెళ్లిళ్ల సీజన్, దుకాణం వదిలి కదలలేను. నాకు కుదిరింది ఒక్కటే రోజు, ఆ రోజే సాయంత్రం నాలుగింటికి ట్రయల్. మధ్యాహ్నం పన్నెండున్నరకు తింటే నాలుగింటికల్లా అరిగిపోతుందని లెక్క చెప్పాను. లెక్కల్లో నాతో వాదించే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

హోటల్లోకి వెళ్లగానే చలి కొట్టింది. ఆ చలికే నాకు సంబరం. సింగిల్ బిర్యానీ నలభై అయిదు, ఆరుగురికి సరిపోయే ఫ్యామిలీ హండీ రెండు వందల నలభై. తమ్ముడు కార్డు మూసేశాడు.

"ఒక్క సింగిల్ చెప్పక్కా. ఇద్దరం పంచుకుందం."

పక్క టేబుల్‌కు వెళ్తున్న సింగిల్ ప్లేటు చూశాను. నా కంటికి అది కిలోకు తక్కువ లేదు. వాడన్నది సబబే. కానీ అప్పుడే మా వెనక ఆరు కుర్చీల పొడుగు టేబుల్ ఖాళీగా కనిపించింది, దాని మీద రిజర్వ్‌డ్ అన్న అట్టముక్క. ఏదో సినిమా యూనిట్ వాళ్లు భోజనానికి చెప్పి రాలేదని, దమ్ము పెట్టిన హండీ అలాగే ఉండిపోయిందని మేనేజరు సర్వరు మీద చిరాకు పడుతున్నాడు. దుకాణంలో పుట్టినదానికి ఆ చిరాకు చెవిన పడితే ఇంకేం కావాలి. సరుకు నిలిచిపోయినవాడి గొంతు నిద్రలోనైనా గుర్తుపడతాను.

మేనేజరును పిలిచాను. ఫిక్స్‌డ్ రేట్లు మేడమ్ అన్నాడు. రెండు గంటలయ్యాక ఆ హండీని ఎవరికి అమ్ముతారని అడిగాను. రెండు వందల పదన్నాడు. నేను పర్సు మూసి లేచినట్టు చేశాను. నూట ఎనభై, అందులోనే పార్సిల్ డబ్బాలు అన్నాడు. డబ్బాలెంత అని అడిగితే ముప్పై అన్నాడు. అయితే పార్సిల్ వద్దు, ఆ ముప్పై కూడా తీసెయ్యమన్నాను. ఆయన నన్ను చూశాడు, తమ్ముణ్ని చూశాడు, సరేనన్నాడు. ఆయన ఎందుకంత తొందరగా ఒప్పుకున్నాడో ఆలోచించాల్సింది. గెలిచినప్పుడు ఆలోచన రాదు. నాకు ఒళ్లంతా చిన్న చిన్న టపాకాయలు పేలుతున్నట్టుంది.

హండీ వచ్చింది. మందమైన రాగి గిన్నె, లోపల కళాయి పూత. నాలుగున్నర లీటర్లని చూడగానే చెప్పేశాను, సర్వరు నవ్వి తలూపాడు. మూత తియ్యగానే కుంకుమపువ్వు, వేయించిన ఉల్లి, నెయ్యి కలిసిన ఆవిరి మా మొహాలను తడిపేసింది. తమ్ముడి కళ్లు చూస్తే, మూడు నెలల జొన్నరొట్టె మొత్తం అక్కడే నిలబడింది. మొదటి ప్లేటు ఇద్దరం మాట్లాడకుండా తిన్నాం. చాలా బాగుంది, ఇప్పటికీ నాలుక మీద ఉంది. ఆ రుచిని నా తప్పు కింద రాయను.

రెండో ప్లేటు సగంలో వాడు చెయ్యి ఆపాడు. హండీలోకి తొంగి చూశాను. మూడు లీటర్లు అలాగే ఉంది. మేనేజరును పిలిచి, మిగిలింది కట్టివ్వమన్నాను.

"డబ్బాలకు ముప్పై ఇవ్వండి మేడమ్, సంతోషంగా కట్టిస్తాను," అన్నాడు ఆయన.

ముప్పై రూపాయలు. పర్సులో ఉన్నాయి. తీసి ఇస్తే కథ అక్కడితో ముగిసేది, ఆ రాత్రి కృష్ణానగర్ గదిలో ముగ్గురు డాన్సర్లు పండగ చేసుకునేవాళ్లు. కానీ మా బజారులో కుదిరిన బేరాన్ని మళ్లీ తిరగదోడితే పరువు పోయినట్టే. కొన్నవాడు దించుకున్న ధరలో ఒక్క రూపాయి వెనక్కిచ్చినా, మర్నాడు నాలుగు దుకాణాల వాళ్లు నవ్వుతారు. ఆ హోటల్లో నన్నెరిగినవాళ్లు ఎవరూ లేరు. అయినా ఆ నాలుగు దుకాణాల వాళ్లూ పక్క టేబుల్ మీద కూర్చుని నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

"వద్దు, తినేస్తం," అన్నాను.

"అక్కా, నాతోని కాదే," అన్నాడు తమ్ముడు, మెల్లగా.

"పైసలు కట్టినం. ఇడిసిపెట్టి పోతే గాయన గెలిచినట్టు గాదా?"

వాడు నా మొహం చూశాడు. నాకోసమే తిన్నాడు, ఆ సంగతి అప్పుడే తెలుసు, తెలిసీ వడ్డించాను. ముక్కలు వాడికి వేసి, అన్నం నేను వేసుకున్నాను. మధ్యలో సోడా తెప్పించాను, దాంతో చోటు దొరుకుతుందని. అయిదో గరిటె దగ్గర మాటలు ఆగిపోయాయి. ఏడో గరిటె దగ్గర నేను చీర కుచ్చిళ్లు సర్దుకోవడం మొదలుపెట్టాను. హండీ అడుగు కనిపించలేదు. నాలుగో వంతు వదిలేసి, నూట యాభై లెక్కపెట్టి ఇచ్చి, తలెత్తుకుని బయటికి నడిచాను. నిజానికి తల దించితే ఊపిరాడేది కాదు.

రెండుంబావు. ఎండ మండిపోతోంది. నడిస్తే అరుగుతుందని ఫిల్మ్‌నగర్ వైపు ఎత్తు ఎక్కడం మొదలుపెట్టాం. బండరాళ్ల మధ్య కొత్త బంగళాలు లేస్తున్న రోజులు. పెద్ద గేట్ల ముందు వాచ్‌మెన్లు మమ్మల్ని వింతగా చూశారు: జరీ అంచు చీరలో ఒకావిడ, ఆమె వెనక ఒక్కో అడుగూ లెక్కపెడుతున్నట్టు నడిచే సన్నటి కుర్రాడు, ఇద్దరూ పొట్ట పట్టుకుని. మాకు నవ్వాగలేదు. నవ్వితే నొప్పి. నవ్వొద్దని ఒకరికొకరం చెప్పుకుంటూ ఇంకా నవ్వాం. కొండ మీదికెక్కి వెనక్కి చూసి, దిగి, మళ్లీ ఎక్కాం. మూడున్నరకు వాడు నడుము మీద వేళ్లు జానలా పరిచి కొలుచుకుని నవ్వడం మానేశాడు.

కాస్ట్యూమ్ గది కృష్ణానగర్‌లో ఒక మేడ మీద. కాస్ట్యూమరు పెద్దాయన, కోస్తా మనిషి, నోట్లో రెండు గుండుసూదులు. ముందు ముగ్గురివి చక్కగా సరిపోయాయి. తమ్ముడి వంతు వచ్చింది. ప్యాంటు తొడ దాకా వచ్చింది, నడుము దగ్గర హుక్కుకూ కాజాకూ మధ్య రెండు వేళ్ల సందు. వాడు ఊపిరి బిగబట్టాడు. ఒక వేలు సందు. ఆయన టేపు చుట్టి చూసి, సూదులు నోట్లోంచి తీశాడు.

"ఇరవై తొమ్మిదిన్నర. ఏం తిన్నావయ్యా?"

వాడు తల దించి హుక్కు వదిలేశాడు. నావైపు వేలు చూపలేదు. గుమ్మం దగ్గర డాన్స్ అసిస్టెంటు అప్పటికే వెనక్కి తిరిగి, ఆ రెండో కుర్రాణ్ని పిలవమని ఎవరికో చెబుతున్నాడు. నేను పెద్దాయన ముందుకెళ్లి నిలబడ్డాను. హోటల్లో అంత తేలిగ్గా వచ్చిన గొంతు ఇక్కడ బేరంలా రాలేదు.

"తప్పు నాదండి. నేనే తినబెట్టిన. ఏమన్న జెయ్యుండ్రి."

ఎంత తీసుకుంటారని అడగలేదు. నా జన్మలో ధర తెలుసుకోకుండా పని చెప్పింది అదే. ఆయన కాసేపు ప్యాంటు తిరగేసి చూశాడు. బంగారు బట్ట ముక్క కూడా లేదు, ఉన్నది నీలమే. ఎడమ పక్క కుట్టు విప్పి, రెండు వేళ్లంత నీలం ముక్క అతికిస్తానన్నాడు. అసిస్టెంటు ఒప్పుకోలేదు, కెమెరాకు దొరికిపోతుందన్నాడు. అప్పుడు పెద్దాయన నేల మీద నాలుగు సున్నాలు గీసి, చివరి సున్నా మీద వేలు పెట్టాడు.

"మధ్యలో కాకుండా ఈ చివర నిలబెట్టండి. ఎడమ పక్క బయటికి పోతుంది, అతుకు కనబడదు. కుర్రాడు బాగా ఆడతాడు, వెనక్కి పంపకండి."

అసిస్టెంటు తమ్ముణ్ని ఒకసారి ఆడమన్నాడు. హుక్కు విప్పుకునే, పొట్ట నిండా నా బేరం మోస్తూనే, వాడు ఎనిమిది కౌంట్లు ఆడాడు. ఆ గదిలో అంతసేపూ కుట్టుమిషన్లు ఆగాయి. అసిస్టెంటు సరేనన్నాడు.

మర్నాడు నాన్నను బతిమాలి, దుకాణం అప్పగించి స్టూడియోకు పరుగెత్తాను. పాట పెట్టగానే నేల అదిరింది, లైట్లు పడి ఆ నాలుగు బంగారు డ్రెస్సులు నిప్పంటుకున్నట్టు మెరిశాయి. చివర వాడు. రాత్రి మజ్జిగ మీద గడిపాడు, పొద్దునకు హుక్కు సుఖంగా పట్టింది, నీలం ముక్క ఉండాల్సిన అవసరమే లేదు. కానీ స్థానాలు ఖాయమైపోయాయి, మధ్యలో ఇంకొకడు నిలబడ్డాడు. అయినా నాకు ఆ రోజు చప్పట్లు కొట్టీ కొట్టీ అరచేతులు ఎర్రబడ్డాయి.

అప్పటినుంచి ఎంత పెద్ద హోటల్‌కు వెళ్లినా ఒక సింగిల్ చెప్పి, ఇద్దరం తిని, ఇంకా ఆకలైతేనే రెండోది చెబుతాం. ఆకలి వెయ్యదు. పార్సిల్‌కు ఎంతైనా ఇస్తాను. ఫ్యామిలీ హండీలో రేటెంత కలిసొస్తుందో సర్వరు చెప్పబోతే, ఆ పాఠం నేను నలభై మందికి రోజూ చెబుతాను నాయనా అని ఆపేస్తాను. కడుపుకు కిలో రేటు ఉండదు. నిండాక వేసిన ప్రతి ముద్దకూ ఎదురు డబ్బు కట్టాలి.

సినిమా వచ్చాక ఇంటిల్లిపాదీ వెళ్లాం. పాటలో ముందు వరస వచ్చినప్పుడల్లా తెర అంచు వాణ్ని నిలువునా కోసేసింది. ఒక చెయ్యి, ఒక కాలు, అప్పుడప్పుడూ సగం మొహం. ఒకే ఒక్కసారి, ఒక క్షణం, కెమెరా పక్కకు జరిగినప్పుడు పూర్తిగా కనిపించాడు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

లెక్క నేనే వేశాను. ఆ రోజు మాకు కావలసింది నలభై అయిదు రూపాయల సింగిల్ ఒకటి. హండీకి నూట యాభై, సోడాలకు పది, కాస్ట్యూమరు ఎంత వద్దన్నా చేతిలో పెట్టింది యాభై, వాణ్ని నడిపించలేక ఎక్కించిన ఆటోకు పదిహేను. మొత్తం రెండు వందల ఇరవై అయిదు. అంటే నూట ఎనభై ఎక్కువ. మళ్లీ వాడికి ముందు వరస దొరకడానికి పద్నాలుగు నెలలు పట్టింది. దానికి ధర వాడు చెప్పలేదు కాబట్టి ఆ గడి ఖాళీగానే ఉంది.