పై పేరు దగ్గరే ఆగిన వెతుకులాట

ఇన్నేళ్లుగా ఒక పేరు గొంతులో ముల్లులా ఉంది. సోంబాయి. ఓదార్పు కోసం చెప్పడం లేదు. ఓదార్చారంటే మీ మీద కూడా కోపం వస్తుంది నాకు.

తొంభైల్లో ఉట్నూర్ వైపు ఒక ఆఫీసులో పనిచేశాను. జీపులో గూడేలు తిరిగి కుటుంబాల వివరాలు రాసుకొచ్చి కంప్యూటర్‌లో ఎక్కించేవాణ్ణి. కుటుంబానికి ఒక దస్త్రం. పైన ఇంటి పెద్ద పేరు, దాని లోపల మిగతా మనుషులు, ఒక్కో మనిషి లోపల వాళ్ల ఇల్లూ భూమీ. ఎవరి పేరు కొట్టినా క్షణంలో చూపిస్తుందని మా ఆఫీసు పెద్దసారు దగ్గర గొప్పలు పోయాను. అబద్ధం. నేను రాసిన వెతుకులాట ప్రోగ్రాం పై పేరు దాటి లోపలికి పోయేది కాదు. ఆ సంగతి నాకు తెలుసు.

ఒకనాడు పెద్దసారు వచ్చి పక్కనే నిలబడ్డారు. ఇళ్ల మంజూరు కోసం సోంబాయి వచ్చింది. మొగుడు పోయాక మరిది ఇంటి పశువుల కొట్టంలో ఉంటోంది. పేరు కొట్టాను. లేదని వచ్చింది.

"నువ్వే గదా సారు మా ఇంటికొచ్చి రాసుకున్నవు? మా మరిది ఇంట్ల రాసినవు. జర మల్ల సూడు."

గుర్తుంది. ఆమె ఇచ్చిన నీళ్లు తాగి మరీ రాసుకున్నాను. మరిది పేరు కొట్టి ఉంటే చాలు, లోపల ఆమె కనపడేది. కానీ పెద్దసారు ముందు నా గొప్ప ఏం కావాలి?

"కంప్యూటర్ల లేదంటే లేనట్టే. పో" అన్నాను.

పెద్దసారు ఇళ్ల జాబితాలో ఆమె పేరు మీద గీత గీసేశారు. ఆమె వెళ్లాక వెతుకులాటను సరిచేశాను. క్షణంలో వచ్చింది: సోంబాయి, వితంతువు, ఇల్లు లేదు. నా చేత్తో కొట్టిన అక్షరాలే. జాబితా ఇంకా పెద్దసారు బల్ల మీదే ఉంది. నాలుగడుగులు వేసి చెబితే సరిపోయేది. ఎందుకు వెళ్లలేదు? భయమా? కాదు, పొగరు. వట్టి పొగరు. ఆ సాయంత్రం ఆయన భుజం తడితే పళ్లికిలించాను కూడా. థూ!

వానాకాలంలో సంతలో ఎదురుపడింది. తిడుతుందనుకున్నాను. చేతులెత్తి దండం పెట్టింది. తప్పు తన పేరుదే అనుకుందో ఏమో. ఆ దండం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పేరు ఉంది సోంబాయీ. లోపలే ఉంది. నాకు తెలిసే లేదన్నాను. నీ ముందు అనాల్సిన మాట ఎవరి ముందో అంటున్నాను. అయినా, ఇవాళ్టికి నోరు పెగిలింది.