చెప్పులు తెచ్చే వేషం

అర నిమిషం నోరు మూసుకొని కూర్చోలేని మా తాత నన్నే సాహెబ్‌కు పేరు తెచ్చింది ఒక్క మాటా లేని వేషం. దీన్ని అల్లా పరాచికం అనక ఏమంటాం?

బళ్ళారి చుట్టుపక్కల ఆడే కన్నడ నాటకాల కంపెనీలో ఆయన బట్టలు కుట్టేవాడు, తెర లాగేవాడు. వాళ్ళు ఆడే ఒక నాటకంలో ఊరి పెద్ద అయిన గౌడ తన తమ్ముణ్ణి ఇంట్లోంచి గెంటేస్తాడు. చివర్లో తమ్ముడు ఏట్లో పడి చనిపోయాడని కబురు వస్తుంది. పుస్తకంలో అంతే. ఒకసారి నన్నే సాహెబ్ తెర తాడు వదిలేసి, తలారిలా గొంగడి కప్పుకొని వచ్చి, తడిసిన చెప్పుల జత గౌడ ముందు పెట్టి, తలెత్తకుండా వెళ్ళిపోయాడు. జనం బావురుమన్నారు. తిట్టడానికి వచ్చిన యజమాని రేపు కూడా చెయ్యమన్నాడు. అట్లా నాలుగేళ్ళు.

తర్వాత గల్ఫ్‌కు పోయి, కల్బా అనే ఊళ్ళో దర్జీ దుకాణంలో పని. అరబ్బులు తొడుక్కొనే పొడుగు కందూరాలు కుడుతూ, పక్క కట్టడంలో పనిచేసే పోశయ్యకూ వాళ్ళ మనుషులకూ ఆ వేషం గురించి ఎనిమిదేళ్ళు చెప్పాడు. పాపం, వాళ్ళూ విన్నారు. నాటకం సినిమాగా వచ్చిందని ఉత్తరం అందాక ఇక పట్టపగ్గాల్లేవు.

"నా వేషం ఎవడేసినాడో సూడల్ల!"

హయాత్ బాషా అదే కంపెనీలో హార్మోనియం వాయించినవాడు, ఊళ్ళో ఆ సినిమా చూసొచ్చినవాడు. తాతే కల్బాకు పిలిపించుకొని తన దుకాణంలోనే ఇస్త్రీ పనికి పెట్టించి, తన గదిలోనే ఉంచుకున్నాడు. "సినిమాలో ఆ సీను ఎట్లుండె రా?" అని అడిగితే, "బాగుండె అన్నా" అంటూ ఇస్త్రీపెట్టె మీదికి వంగేవాడు. ఆ సినిమా వీడియో క్యాసెట్ ఎక్కడా దొరకదని చెప్పేవాడూ అతనే.

పక్క ఊరు ఫుజైరాలో దొరికింది. పోశయ్య తెచ్చాడు. శుక్రవారం నమాజు అయ్యాక గదిలో పద్దెనిమిది మంది కూర్చున్నారు. మొదట్లో పేర్లు పడుతుంటే హయాత్ బాషా గబగబా ముందుకు తిప్పేశాడు. తాత మంచి చొక్కా తొడుక్కొని టీవీ పక్కనే నిలబడి ప్రతి మాటా తెలుగులో చెప్పాడు. చివరి సీను వచ్చింది.

"ఖామోష్! ఇప్పుడొస్తాడు సూడండి."

కుక్క వచ్చింది. నోట కరుచుకున్న తడి చెప్పులు గౌడ ముందు పడేసి, తోక ముడుచుకొని పోయింది.

గది దద్దరిల్లింది.

"ఓ సాయిబూ, ఎనిమిదేండ్ల సంది నువ్వు జెప్పిన యేసం గిదేనా? కుక్క మంచిగనే జేసిందే!" అన్నాడు పోశయ్య.

"నాటకంలో మనిషే వస్తాడు! నేనేసినా! హయాత్, చెప్పు రా వీళ్ళకు!"

హయాత్ బాషా గోడ వైపు చూశాడు. "శానా ఏండ్లాయె అన్నా. నాకు గుర్తు లేదు."

"ఖలాస్. సాక్షి గూడ గాయబ్," అన్నాడు పోశయ్య.

అందరూ వెళ్ళాక తాత హయాత్ బాషాను పొయ్యి దగ్గర నిలదీశాడు. తాత వీసా కోసం బొంబాయిలో పడిగాపులు కాస్తున్నప్పుడు సినిమావాళ్ళు కంపెనీకి వచ్చారట. పుస్తకంలో లేని ఈ చెప్పుల సంగతి ఎవరికి తట్టిందని అడిగారట.

"నాకే తట్టిందని చెప్పినా అన్నా. నోట్లోంచి వచ్చేసింది. పేర్లలో నా పేరు కూడా ఏసినారు."

"మరి కుక్క?"

"కుక్క వాళ్ళదే, అల్లా తోడు."

తాత పొయ్యి ఆపేశాడు.

"ఆ పేరు నువ్వే ఉంచుకో. వేసింది నన్నే అని పోశయ్యకు ఒక్క మాట చెప్పు. నేను అబద్ధాలకోరును కానని వాళ్ళకు తెలియల్ల."

"రేపు చెప్తా అన్నా."

ఆ రేపు రాలేదు. కట్టడం వాళ్ళు దుకాణం ముందు నుంచి పోతూ గడపలో చెప్పులు విడిచి, కుక్కను పిలిచినట్టు ఈల వేసేవాళ్ళు. గదిలో రెండు పొయ్యిలు వెలిశాయి. వంట రాని మా తాత మాడిన అన్నమే తిన్నాడు కానీ, హయాత్ బాషా గిన్నెలో చెయ్యి పెట్టలేదు.

రెండేళ్ళకు హయాత్ బాషా పెట్టె కట్టుకొని, ఊరికి ప్రయాణమై తాత కుట్టుమిషను దగ్గరికి వచ్చాడు.

"పోయొస్తా అన్నా. ఇంట్లో ఏమన్నా చెప్పల్లనా?"

"పోశయ్యకు చెప్పినావా?"

హయాత్ బాషా తల వంచుకున్నాడు.

"అయితే మా ఇంట్లోనూ ఏం చెప్పొద్దు," అని తాత మిషను తొక్కడం మొదలుపెట్టాడు.