నాలుగో గొళ్ళెం

బడిలో ఎవరు గట్టిగా పిలిచినా ఆయమ్మ చేతిలో చీపురు ముందు కింద పడేది. పరంజా మీంచి పడి నడుం విరిగిన మొగుడు మంచాన ఉన్నాడు. ఇద్దరి నోట్లోకి నాలుగు వేళ్ళు పోవాలంటే ఆ ఊడ్చే పనే దిక్కు.

ఆడపిల్లల మరుగుదొడ్లు నాలుగింటికీ లోపల గొళ్ళెం లేదు. ఒకరు లోపలికి వెళితే ఇంకొకరు బయట తలుపు పట్టుకోవాల్సిందే. తొమ్మిదో తరగతి పిల్లలు ఇక ఊరుకునేది లేదని అక్కడే మంతనాలు మొదలెట్టారు.

"గేటు దగ్గర కూర్చుని అరుద్దాం!" అంది వాళ్ళలో ఓ పొట్టిపిల్ల.

"నువ్వు అరిస్తే మీ నాన్నని పిలిచి అరుస్తారు. అంతటితో సరి," అంది ఆయమ్మ నేల కడుగుతూ.

"అయితే నువ్వే చెప్పు, ఏం చేయాలో!"

చెప్పకుండా ఉండాల్సింది. నోరు ఊరుకోలేదు. "దొంగల్లా జంటగా వస్తారెందుకే? పాఠం మధ్యలో లేచి ఇద్దరికీ పర్మిషన్ అడగండి. ఇద్దరెందుకంటే ఉన్నమాట చెప్పండి. క్లాసు క్లాసులోనూ అడగండి. నా పేరు మాత్రం ఎత్తకండమ్మా, మీకు దణ్ణం పెడతా."

సోమవారం అన్ని తరగతుల ఆడపిల్లలూ మొదలెట్టారు. ఏ గదిలోనూ పాఠం సాగలేదు. ఆఖరికి హెడ్మాస్టరమ్మే తొమ్మిదో తరగతికి వచ్చి పిల్లల ముందు నిలబడింది. "ఈ తెలివి మీది కాదు. ఎవరు నేర్పారు?"

పిల్లలంతా తలలు దించుకున్నారు; హెడ్మాస్టరమ్మ వరండా ఊడుస్తున్న ఆయమ్మ వైపు తిరిగింది.

"సరే. ఆయమ్మా, రేపట్నుంచి నువ్వే తలుపులు పట్టుకో."

"నాలుగు తలుపులండీ అమ్మగారూ, నాకున్నవి రెండు చేతులు."

మాట జారిపోయింది. పొట్టిపిల్ల కిసుక్కున నవ్వింది. హెడ్మాస్టరమ్మ నవ్వలేదు. "ఓహో, నువ్వు నేర్పిన చదువా ఇది! గొళ్ళేలు వేయిస్తా. నాలుగోది పడ్డాక నీ సంగతి తేలుస్తా."

ఇంట్లో చెబితే మొగుడు మొహం గోడవైపు తిప్పుకుని, "వాళ్ళేమన్నా నీ కడుపున పుట్టారా?" అన్నాడు.

వడ్రంగి వచ్చాడు. సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా ఆయమ్మ చేతిలోంచి చీపురు జారుతోంది.

"ఏంటక్కా, మేకు నీ నెత్తిన కొడుతున్నట్టు అదిరిపడతావు?" అని నవ్వాడు. మూడు బిగించి సంచి సర్దాడు. "నాకింకో చోట పనుంది. ఈ ఒక్కటీ వచ్చే వారం వేస్తాలే."

వారం. ఇంకో వారం తనకు ఈ ఊడ్చే పని ఉంటుంది. ఆయమ్మ 'అలాగే' అనబోయింది.

"అయిపోయిందా ఆయమ్మా?" పొట్టిపిల్ల వరండా చివర నుంచి కేకేసింది. పక్కన అలవాటుగా ఇంకో పిల్ల, తలుపు పట్టుకోవడానికి.

"సంచి దించు తమ్ముడూ," అంది ఆయమ్మ. "ఇదీ ఇప్పుడే వేసెయ్."

వాడు సుత్తి తీసి నాలుగో తలుపుకు మేకు దిగ్గొట్టాడు. ఆ చప్పుడుకు హెడ్మాస్టరమ్మ ఆఫీసు గది తలుపు తెరుచుకుంది.